విరిగిన కాళ్ళ ప్రణాళిక

మా కాలేజీలో ఏ కమిటీ వేసినా కన్వీనరుగా తెలుగు లెక్చరర్ని వేస్తారు. మిగతా సబ్జెక్టుల వాళ్ళకి పని ఉంటుందని ఒక నమ్మకం. అలా నేను ఇంతవరకూ మొక్కలు నాటించాను, దోమల మీద ర్యాలీ నడిపాను, మంచినీళ్ళ కుళాయి ప్రారంభోత్సవానికి స్వాగత పద్యాలు రాశాను. అందుచేత గాయాల కమిటీ కన్వీనరుగా నోటీసు బోర్డు మీద నా పేరు చూసినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఆటగాళ్ళకి గాయాలు తగలకుండా చూసే కమిటీ కాబోలు అనుకున్నాను. తగిలేలా చూసే కమిటీ అని పూర్తిగా చదివాక తెలిసింది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మాది విశాఖకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇక్కడి పిల్లలు నడక నేర్చిన మర్నాటి నుంచీ ఇసకలో బంతి తంతూనే ఉంటారు. అయినా మొన్నమొన్నటి దాకా మా కాలేజీ జట్టు ఏనాడూ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కప్పు మొహం చూసి ఎరగదు. రెండేళ్ళ కిందట మా జట్టు వెళ్తున్న వ్యాను రోడ్డు దిగి జీడితోటలోకి దొర్లింది. ప్రాణాలు దక్కాయి గానీ సగం మంది కాళ్ళో చేతులో విరిగాయి. ఆ ఏడాదికి జూనియర్లని దింపాం. వాళ్ళు వెళ్ళిన చోటల్లా ఓడిపోయి వచ్చారు. మరుసటి ఏడాది పాతవాళ్ళు కట్లు విప్పుకుని తిరిగొచ్చారు. జూనియర్లు ఓడి ఓడి రాటుదేలి ఉన్నారు. అందరూ కలిసి కప్పు పట్టుకొచ్చారు.

ఇందులో అర్థం కానిదేమీ లేదు. కానీ మా ప్రిన్సిపాల్ డాక్టర్ పాపినాయుడు గారికి అర్థమైన విషయాలంటే ఆసక్తి ఉండదు. విజయానికి శాస్త్రీయ కారణం కావాలని స్టాటిస్టిక్స్ చెప్పే సుగుణవేణి గారిని అడిగారు. ఆవిడ చుట్టుపక్కల కాలేజీల లెక్కలన్నీ తెప్పించి, శ్రద్ధగా ఒక గ్రాఫు గీసి ఇచ్చారు. ఒక ఏడాది దెబ్బలు ఎక్కువ తిన్న జట్లు మరుసటి ఏడాది ఎంతో కొంత బాగుపడుతున్నాయి. గీత కింద ఆవిడ నాలుగు ముక్కలు రాశారు: బాగా ఆడేవాళ్ళు తిరిగి రావడం ఒక కారణం, కొత్తవాళ్ళకి అనుభవం రావడం ఇంకో కారణం, అట్టడుగుకి పడ్డవాడు పైకి లేవడమే తప్ప ఇంకా కిందికి పడలేకపోవడం మరో కారణం, కనుక దీన్నిబట్టి తొందరపడి ఏ నిర్ణయానికీ రాకూడదు. ప్రిన్సిపాల్ గారు గీత చూశారు. గీత పైకి వెళ్తోంది. కింద రాసింది చదవడం ఆయన హోదాలో ఉన్నవారికి అలవాటు లేదు.

స్టాఫ్ మీటింగులో ఆయన ఈ గ్రాఫుని గోడకి అంటించి, గాయమే విజయానికి పెట్టుబడి అని ప్రకటించారు. సుగుణవేణి గారు లేచి ఏదో చెప్పబోతే పరిశోధకులకి వినయం ఉండటం సహజమేనని మెచ్చుకుని కూచోబెట్టారు. అప్పుడు నేను లేచి, మనవాళ్ళు దీన్నే కాకతాళీయం అంటారని, తాటిచెట్టు మీద కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు రాలిందనుకోకూడదని మనవి చేశాను. ఆయన నా మాట డైరీలో రాసుకున్నారు.

"చెట్టుకి ఎన్ని కాకులు కావాలో అంచనా వేసి రేపు నా టేబుల్ మీద పెట్టండి మాస్టారూ" అన్నారు.

అలా నేను కన్వీనర్నయ్యాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో.

ఇక్కడితో ఆగితే మా కాలేజీ పిచ్చి మా కాలేజీలోనే ఉండేది. ప్రిన్సిపాల్ గారు ఆ గ్రాఫుని విశ్వవిద్యాలయ క్రీడాభివృద్ధి మండలికి పంపారు. మండలి డైరెక్టరు గారు ఎన్నో ఏళ్ళుగా ఒక విధానం కోసం ఎదురుచూస్తున్న మనిషి. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా అనుబంధ కళాశాలల ప్రధానాచార్యులకు తెలియజేయునది ఏమనగా, రాబోవు క్రీడా సంవత్సరపు విజయములకు వర్తమాన సంవత్సరపు గాయములే పునాదియని శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, ప్రతి కళాశాలయు గాయముల వార్షిక ప్రణాళికను రూపొందించి, లక్ష్యసాధనలో అలసత్వమునకు తావీయక..." అంటూ సాగింది. చీలమండకి ఇన్ని పాయింట్లు, మోకాలికి ఇన్ని, తొడ ఎముకకి ఇన్ని అని పట్టిక. వేళ్ళకి పాయింట్లు లేవు, ప్రోత్సాహక పత్రం మాత్రమే. అన్నీ కలిపితే వచ్చేదాన్ని గాయసూచిక అంటారు. ఆఖరి పేరాలో ఇంకో ముక్క ఉంది. దక్షిణాది విశ్వవిద్యాలయాల పోటీలకి వెళ్ళే మన జట్టుని ఇకమీదట గాయసూచికని బట్టే ఎంపిక చేస్తారు.

ఈ ముక్క దగ్గర ఇరుక్కున్నవాడు మైలపల్లి ఎల్లాజీ. బీఏ మూడో సంవత్సరం, మా జట్టుకి సెంటర్ ఫార్వర్డ్. తండ్రి లేడు, తల్లి దానమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. చిన్నప్పటినుంచీ పెదనాన్నలతో కలిసి వలలు లాగినవాడు, అలల్లో పడి లేచినవాడు. పడటం వాడికి బాగా వచ్చు. ఎంత గట్టిగా తోసినా రెండు పొర్లు పొర్లి బంతితో సహా లేచి నిలబడతాడు. పోలీసు శాఖలో స్పోర్ట్స్ కోటా కింద కానిస్టేబుల్ ఉద్యోగం వాడి ఆశ. దానికి విశ్వవిద్యాలయం తరఫున దక్షిణాది పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్ ఉండాలి. కిందటేడాది కప్పు గెలిపించిన గోల్ వాడిదే గనక ఈ ఏడాది ఎంపిక ఖాయమని ఊరంతా అనుకున్నారు. ఆఖరి సంవత్సరం కాబట్టి ఇది తప్పితే వాడికి ఇంకో అవకాశం లేదు. మా కాలేజీ మొత్తంలో వంటిమీద చిన్న గీత కూడా లేని ఆటగాడు వాడొక్కడే.

మా కమిటీ పని మొదలుపెట్టింది. ముందు మైదానం సంగతి చూశాం. మా వ్యాయామ అధ్యాపకుడు తవుడు మాస్టారు పిల్లలతో కలిసి ఏళ్ళ తరబడి ఆ మైదానంలో రాళ్ళు ఏరించారు. ఏరిన రాళ్ళన్నీ ప్రహరీ పక్కనే గుట్టగా ఉండటం కలిసొచ్చింది, మళ్ళీ చల్లడానికి ఒక్క పూట పట్టింది. ఆయన ఆ పూటంతా గదిలోంచి బయటికి రాలేదు. ఆటకి ముందు ఒళ్ళు వేడెక్కించే కసరత్తుల వల్ల గాయాలు తగ్గుతున్నట్టు గమనించి వాటిని నిషేధించాం. ప్రథమ చికిత్స పెట్టె దగ్గర పెట్టుకున్నందుకు తవుడు మాస్టారికి మెమో ఇచ్చారు. ఆ మెమోని మంచి తెలుగులో రాసింది నేనే.

మిగతా కాలేజీలు మాకంటే ముందున్నాయని వార్తలొచ్చాయి. ఒక కాలేజీలో మొత్తం జట్టుకి పిండికట్లు పడ్డాయట. మన దేశంలో సెలవు కోసం మెడికల్ సర్టిఫికెట్ పుట్టించలేనివాడు లేడు గనక, అందులో నిజమెంతో తేల్చడానికి విశ్వవిద్యాలయం ఫ్లయింగ్ స్క్వాడ్లని వేసింది. అవి మామూలుగా పరీక్షల్లో కాపీలు పట్టుకునే స్క్వాడ్లే. కాలేజీ గేట్లోకి జీపు రావడం, నలుగురు దిగడం, కట్టు మీద చిన్న సుత్తితో కొట్టి చూడటం. కుర్రాడు అరిస్తే నిజమైన గాయం, అరవకపోతే మాల్‌ప్రాక్టీసు. కొన్నాళ్ళకి అందరూ అరవడం నేర్చుకున్నారు. అప్పుడు అరుపు నాణ్యతని పరిశీలించడానికి సంగీత కళాశాల నుంచి ఒకరిని స్క్వాడ్లో చేర్చారు.

మా కాలేజీలో సూచిక తిన్నగానే పెరిగింది. అందరికంటే ముందు నిలిచినవాడు లెంక గౌతమ్, కరస్పాండెంటు గారి మేనల్లుడు. ఆటలో కాదు, స్కూటర్ మీంచి పడి చీలమండ విరిగింది. సర్క్యులర్‌లో గాయమన్నారే గానీ ఎక్కడ తగలాలో అనలేదు కాబట్టి అతన్నే కెప్టెన్ని చేశారు. గౌతమ్ బుద్ధిమంతుడు. నాకు ఆట రాదండి అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వచ్చే ఏడాదికి వస్తుందని ప్రిన్సిపాల్ గారు ధైర్యం చెప్పారు.

ఎల్లాజీ మాత్రం దారికి రాలేదు. వర్షంలో ఆడించాం. చెప్పుల్లేకుండా రాళ్ళ మీద ఆడించాం. వాడు పుట్టిందగ్గర్నుంచీ చెప్పుల్లేకుండానే ఆడుతున్నాడని తర్వాత గుర్తొచ్చింది. పక్క ఊరి కాలేజీలో దున్నపోతుల్లాంటి డిఫెండర్లు ముగ్గురున్నారని వాళ్ళతో పోటీ పెట్టాం. వాళ్ళు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వీడిని గుద్దుకుని, ఒకడు భుజం, ఒకడు మోకాలు, ఇంకొకడు పక్కటెముక విరగ్గొట్టుకున్నారు. వీడు రెండు పొర్లు పొర్లి లేచి గోల్ కొట్టాడు. మర్నాడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి మాకు కృతజ్ఞతా పత్రం వచ్చింది. తమ కళాశాల భవిష్యత్తుకి మీ విద్యార్థి చేసిన సేవ మరువలేనిదని రాశారు.

పాపినాయుడు గారు ఎల్లాజీని పిలిపించారు. నేనూ ఉన్నాను.

"కాలేజీ మీద నీకేమైనా కోపమా?" అని అడిగారు.

లేదన్నాడు ఎల్లాజీ.

"మరి మన కాలేజీలో సీటు తీసుకుని, మన జెర్సీ వేసుకుని, పక్క కాలేజీ వాళ్ళ భవిష్యత్తు నిర్మించడం ఏమిటయ్యా?"

దెబ్బలు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇచ్చేవాడిగా కాక పుచ్చుకునేవాడిగా ఉండటమే త్యాగమని ప్రిన్సిపాల్ గారు చాలాసేపు బోధించారు. సంస్థాగత లక్ష్యాలకి వ్యక్తిగత ఆరోగ్యం ఆటంకం కాకూడదన్నారు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు, అదే బాధ.

బయటికొచ్చాక వాడు నా పక్కనే నడుస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"మేస్టారూ, ఏ ఎముకైతే బేగీ అతుక్కుంటాదండి?"

నేను ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్నకి నాకింత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. నోరుముయ్యరా అని గట్టిగా కసిరాను. తరవాత భుజం మీద చెయ్యి వేసి, తొందరపడకు, నేనేదో ఒకటి చూస్తానన్నాను.

చూశాను కూడా. సర్క్యులర్ మళ్ళీ మళ్ళీ చదివితే ఒక సందు కనిపించింది. గాయపడిన ప్రతి క్రీడాకారుడి వెంట ఒక సహాయకుణ్ణి పంపవచ్చునని ఉంది. ఆస్పత్రిలో రోగికి తోడుంటారే, అలాగ. కన్వీనరు హోదాలో నేను, మా కాలేజీ నుంచి ఎంపికైన గౌతమ్‌కి సహాయకుడిగా ఎల్లాజీ పేరు రాసి పంపాను. అక్కడిదాకా వెళ్తే వాడికి ఏదో దారి దొరక్కపోతుందా అని నా ఆశ. నాలాంటి కన్వీనర్లు అన్ని కాలేజీల్లోనూ ఉన్నారని తర్వాత తెలిసింది. విశ్వవిద్యాలయం జట్టుకి కట్లతో ఎంపికైనవాళ్ళందరికీ తోడుగా వచ్చినవాళ్ళు ఆయా కాలేజీల్లో బాగా ఆడేవాళ్ళే.

పోటీలు పక్క రాష్ట్రంలో. మా బస్సు చూస్తే ఎముకల వార్డు ఊరేగుతున్నట్టుంది. తవుడు మాస్టారు కోచ్, నేను గాయాల పరిశీలకుణ్ణి, డైరెక్టరు గారు మేనేజరు. మొదటి ఆట రోజున రిఫరీ ఈల వేస్తే మా జట్టు చంకకర్రల మీద మైదానంలోకి వచ్చింది. రిఫరీ ఈల నోట్లోనే పెట్టుకుని ఉండిపోయాడు. ఇలాగైతే ఆట జరగదన్నారు నిర్వాహకులు. అవతల ముఖ్య అతిథి వచ్చేశారు, గాలిలోకి వదలాల్సిన పావురాలు బుట్టల్లో ఉన్నాయి. డైరెక్టరు గారు ఎప్పుడూ తొణకని మనిషి. రోగి సంతకం పెట్టలేనప్పుడు సహాయకుడు పెడతాడు గదా, అదే సూత్రంపై సహాయకులు తమ తమ రోగుల తరఫున ఆడతారని తేల్చేశారు. గోల్స్ మాత్రం రోగుల ఖాతాలో పడతాయి. పావురాల గురించి ఆందోళనలో ఉన్న నిర్వాహకులు ఒప్పుకున్నారు.

ఆ తర్వాత మావాళ్ళు ఆడిన ఆట తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పేరు లేదు, పాయింట్లు లేవు, ఎవరూ తమని గాయపడమనడం లేదు. నెలల తరబడి ఆపుకున్న ఆటంతా ఆడారు. తవుడు మాస్టారు గీత పక్కన నిలబడి ఎవరికీ వినబడకుండా ఏడ్చారు. రాత్రి బసలో డైరెక్టరు గారు నివేదిక రాసుకుంటున్నారు: పూర్తిగా గాయపడిన జట్టు వరసగా గెలవడంతో విధానం సత్యమని నిరూపితమైంది, కనుక లక్ష్యాలు రెట్టింపు చేయవలసి ఉంది.

ఫైనల్లో ఎల్లాజీ రెండు గోల్స్ కొట్టాడు. మైకులో రెండుసార్లూ లెంక గౌతమ్ అన్నారు. మైదానం అంచున కుర్చీలో కాలు చాపుకుని కూచున్న గౌతమ్ తల వంచుకున్నాడు. ఆట ముగియబోతుండగా అవతలి గోల్‌కీపర్ ముందుకొచ్చి వాడి కాళ్ళమీద పడ్డాడు. ఈసారి ఎల్లాజీ పొర్లలేదు. ఎముక విరిగిన చప్పుడు మేం కూచున్న చోటికి వినిపించింది.

తవుడు మాస్టారు పరిగెత్తారు. చేసంచి అడుగున బట్టల్లో చుట్టి దాచిన ప్రథమ చికిత్స పెట్టె ఆయన చేతిలో ఉంది. ఆ పెట్టె గురించి నేను రాసిన మెమో గుర్తొచ్చి, ఆయన మొహం చూడలేకపోయాను.

అయినా ఆస్పత్రి వరండాలో నాకొక ఆశ పుట్టింది. ఇది మోకాలి కింద పెద్ద ఎముక. పట్టికలో దానికి మంచి పాయింట్లున్నాయి. ఇప్పుడైనా వీణ్ణి జట్టులో రాసి సర్టిఫికెట్ ఇవ్వొచ్చు గదా అని డైరెక్టరు గారినడిగాను. ఆయన పట్టిక తీసి శ్రద్ధగా చూశారు.

"గాయపడింది సహాయకుడు. సహాయకుడి గాయానికి నిబంధనల్లో గుర్తింపు లేదు మాస్టారూ. ఆడింది గౌతమ్ పేరు మీద గనక ఈ గాయం కూడా గౌతమ్‌దే అవుతుంది."

అలా గౌతమ్ ఖాతాలో రెండో కాలు కూడా విరిగింది. గాయసూచికలో అతను విశ్వవిద్యాలయ చరిత్రలోనే రికార్డు నెలకొల్పాడు. కప్పు గెలిచిన సర్టిఫికెట్ మీద అతని పేరు, ఉత్తమ ఆటగాడి పతకం మీద అతని పేరు. ఎల్లాజీకి రోగికి తోడుగా ఉన్నట్టు ధ్రువపత్రం ఇచ్చారు. దాన్ని పోలీసు శాఖలో చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు, వాడికీ తెలుసు.

ఊరికి తీసుకొచ్చాక వాణ్ణి జిల్లా ఆస్పత్రిలో చేర్చాం. నేను చూడ్డానికి వెళ్ళేసరికి గౌతమ్ వాడి మంచం పక్కన కూచుని బత్తాయి తొనలు వలిచి పెడుతున్నాడు. అతని చీలమండ నయమై చాలా రోజులైంది, రికార్డుల్లోనే ఇంకా కట్టుంది. నన్ను చూసి లేచాడు. మావయ్యతో పోట్లాడానండి, సర్టిఫికెట్ వాడి పేరు మీద మార్చమని అర్జీ పెట్టానండి అన్నాడు. అలా మారిస్తే మొత్తం జట్టు విజయం చెల్లదని మండలి జవాబు రాసిందట. ఇందులో గౌతమ్ తప్పేమీ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఇదంతా జరిగిపోయింది.

అప్పుడే పాపినాయుడు గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఎల్లాజీ ఎలా ఉన్నాడని ముందు అడిగారు. తర్వాత, వాడి గాయాన్ని వచ్చే ఏడాది మన జట్టు ప్రణాళికలో చూపించే వీలుందేమో పరిశీలించమన్నారు. చూస్తానన్నాను. చూస్తానంటే ఏమీ చెయ్యనని మా సర్వీసులో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

దానమ్మ చేపల గంప ఇంటి దగ్గర దించేసి, అన్నం క్యారేజీతో వచ్చింది. కొడుకు కాలి కట్టు మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. నాకు దణ్ణం పెట్టింది. ఆవిడ తిడుతుందనే అనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడ మాత్రం మంచం కోడుకి ఆనుకుని నేలమీద కూచుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"కాలేజీ బావులందరూ సెప్పినారు గదా బావూ, కాలిరిగినోడు వచ్చీ యేడు బాగా ఆడతాడని. అయితే మా గుంటడు వచ్చీ యేడు ఆడి, ఆ కాయితం తెచ్చుకుంటాడు గదా?"

నేను గౌతమ్ వైపు చూశాను. గౌతమ్ చేతిలోని బత్తాయి వైపు చూస్తున్నాడు. గ్రాఫులూ పట్టికలూ సర్క్యులర్లూ అన్నీ చదివినవాణ్ణి నేనే గనక జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనే. ఎల్లాజీయే తల్లి చేతిలోంచి క్యారేజీ అందుకుని మూత తీస్తూ చెప్పాడు.

"వచ్చీ యేడు కాలేజీకుందే అమ్మా. నాకు నేదు."